రాయీ ఇసుకా తెలిసే కర్ర

మా తమ్ముడి కొడుకు కిరణ్‌కి చేపల పిచ్చి పట్టిందన్న సంగతి మొన్న హైదరాబాద్ వెళ్ళేదాకా నాకు తెలియదు. ఆదివారమైతే పొద్దెక్కినా దుప్పటి తీయనివాడు, పొద్దున్నే తయారై వచ్చి "అత్తమ్మా, నాతోని ఒక షాపుకు రావాలె" అన్నాడు. చీరల షాపేమో అనుకొని సంబరంగా బయల్దేరాను. తీరా చూస్తే గాలాల దుకాణం. స్నేహితులతో కలిసి ఉత్తరాన కొండల్లో చలివాగులకు పోతున్నాడట. అక్కడి చేపలు నీటి అడుగున రాళ్ళ మధ్య తిరిగే పురుగులను తింటాయట. అందుకని దారంతో, ఈకతో అచ్చం అలాంటి పురుగునే చేసి, కొక్కేనికి కట్టి, నీటి అడుగున దొర్లిస్తారట. దానికి వేరే రకం గాలపు కర్ర కావాలి. దుకాణం ఆయన రెండు కర్రలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కొంచెం పొట్టి, బిర్రుగా ఉంది. ఇంకొకటి పొడుగ్గా, ఈనెపుల్లలా సన్నగా ఉంది. కిరణ్ రెండింటినీ మార్చి మార్చి ఊపుతున్నాడు, తేల్చుకోలేకపోతున్నాడు. నేను ఆ సన్నదాన్ని చేతిలోకి తీసుకొని, కళ్ళు మూసుకొని, దాని కొసను నేల మీద ఆనించి మెల్లగా లాగాను. బండకూ బండకూ మధ్య సందు తెలిసింది. గుమ్మం దగ్గర పరిచిన పట్టా అంచు తెలిసింది. "ఇదే తీసుకో" అన్నాను. దుకాణం ఆయన నవ్వి, తానూ అదే చెబుదామనుకున్నానన్నాడు. కిరణ్ మాత్రం "నీకెట్ల తెలుసు అత్తమ్మా?" అని దారంతా వదల్లేదు. ట్రాఫిక్‌లో, హారన్ల మధ్య ఏదో కొంచెం చెప్పాను. ఖమ్మం తిరిగి వచ్చాక మిగతాదంతా ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది.

మా నాయన రాములు పాల్వంచ కరెంటు కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. మాది కాలనీ క్వార్టరు. ఎండాకాలం ఆ క్వార్టరు పొయ్యిలా కాలేది. బడికి సెలవులిచ్చిన మర్నాడే అమ్మ నా బట్టలు సంచిలో సర్ది, చంకలోని తమ్ముణ్ణి సర్దుకుంటూ, నన్ను టేకులపల్లి బస్సు ఎక్కించేది. బస్సు దిగి కొంత దూరం అడవి దారిలో నడిస్తే నాయన పుట్టిన ఊరు. ఆ ఇంట్లో మా మేనత్త ముత్తమ్మ ఒక్కతే ఉండేది. పెళ్ళయిన కొన్నేళ్ళకే మామ పోతే, పుట్టింటికి వచ్చి, ఉన్న చేను తానే దున్నించుకుంటూ, కోళ్ళను పెంచుకుంటూ ఎవరి మీదా ఆధారపడకుండా బతికింది. నాయనకు ఆమె అక్క. తల్లి చిన్నప్పుడే పోవడంతో నాయనను ఎత్తుకొని పెంచింది కూడా ఆమే.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వాకిట్లో ఆరబోసిన ఇప్పపూల తియ్యటి మత్తు వాసన, పంచలో కట్టలు కట్టి పెట్టిన తునికాకు వాసన, దూలానికి వేలాడే మామిడి వరుగుల పులుపు. అత్త తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, పాలు లేని బెల్లం టీ కాచేది. దాన్ని గ్లాసులో పోసుకొని గడప మీద కూర్చొని కోళ్ళతో మాట్లాడేది. "ఏమే నల్లదానా, నిన్న గుడ్డు పెట్టలేదేందే? అలిగినవా?" అని నిజంగానే జవాబు కోసం ఆగేది. టీ అయ్యాక పంచ దూలం నుంచి గాలపు కర్ర దింపి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని, ఊరి వెనక రాళ్ళవాగుకు పోయేది. వానపాములు తవ్వుకోదు. నీటి మీద తేలే నెమలి ఈక బెండు కట్టదు. పారే నీళ్ళలో మోకాటి లోతుకు దిగి, రాళ్ళు ఎత్తి, వాటి అడుగున అంటుకొని ఉండే పురుగులను ఏరుకునేది. ఆరు కాళ్ళు, తోక దగ్గర వెంట్రుకల్లాంటి పోగులు. వాటిని రాతిపురుగులు అనేది. తడి మోదుగాకులో వాటిని చుట్టి నడుముకు దోపుకొని, చిన్న కొక్కేనికి ఒకటి గుచ్చి, సీసం ముక్క కొంచెం కట్టి, నీటి అడుగున రాళ్ళ మీదుగా దొర్లించేది. చేప పట్టిందో, కొక్కెం రాయికి తగిలిందో కంటికి కనపడదు. అంతా చేతికే తెలియాలి.

నాయన చేపలు పట్టే పద్ధతి వేరు. వీక్లీ ఆఫ్ వచ్చిందంటే తెల్లవారి బస్సుకు దిగేవాడు. ఒంటి నిండా కంపెనీ బొగ్గు బూడిద వాసన, దాని మీద ఎర్రసబ్బు వాసన. షిఫ్టుల అలవాటుకు పట్టపగలు కళ్ళ మీద తువ్వాలు కప్పుకొని కాసేపు పడుకొని, లేచి తన పొడవాటి లావు కర్రతో మడుగు దగ్గరికి పోయేవాడు. బెండు వేసి, వానపాము గుచ్చి, గట్టు మీద కూర్చొని కదలకుండా చూసేవాడు. పెద్ద కొర్రమట్ట చేపలు ఆయనకే పడేవి. నీళ్ళు మురికిగా ఉన్న రోజు అత్తకంటే ఆయనే ఎక్కువ తెచ్చేవాడు. ఎవరి విద్య వారిది.

నేను చెప్పే ఆ ఎండాకాలానికి వాళ్ళిద్దరికీ మాటలు లేవు. అంతకుముందు ఏడు నాయన తన తోటి పనివాళ్ళను అడవి చూపిస్తానని ఊరికి తీసుకొచ్చాడట. అందరూ కలిసి వాగుకు పోయేసరికి అత్త నడుం లోతు నీళ్ళలో, చీర దోపుకొని, కర్ర పట్టుకొని ఉంది. వాళ్ళలో ఎవరో "రాములూ, మీ అక్కనా?" అని నవ్వారట. ఆ నవ్వుకు నాయనకు తల కొట్టేసినట్టయింది. నలుగురి ముందే "ఇంటికి పో అక్కా, ఆడోళ్ళకు వాగుల ఏం పని?" అన్నాడు. అత్త గట్టెక్కి, ఇంటికి పోయి, ఆ వచ్చిన వాళ్ళందరికీ తాను పట్టిన చేపలే పులుసు పెట్టి, కడుపు నిండా వడ్డించి పంపింది. ఆనాటి నుంచి తమ్ముడితో మాట బందు. వాగుకు పోవడం మాత్రం బందు కాలేదు.

మాటలు లేవంటే తిండి లేదని కాదు. నాయన రాక మానలేదు, అత్త వండక మానలేదు. ఇద్దరూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చొని తినేవాళ్ళు. మధ్యలో నేను. "పద్మా, మీ నాయనను అడుగు, ఇంకొంత బువ్వ పెట్టాల్నా?" అనేది అత్త. "చాలని చెప్పు బిడ్డా" అనేవాడు నాయన. "మీ అత్తకు చెప్పు, పులుసుల ఉప్పు జర తక్కువైంది." "ఉప్పు డబ్బా ఆన్నే ఉందని చెప్పు." నేను వాళ్ళ మాటలు మోసి మోసి అన్నం తినడం మరిచిపోయేదాన్ని. నేను లేనప్పుడు ఆ పని కోళ్ళ మీద పడేది. ఒకసారి బయటి నుంచి వస్తుంటే అత్త గొంతు వినపడింది. "ఓ నల్లదానా, బస్సు టైమయిందని చెప్పవే ఆయనకు." నాయన కూడా కోడి వైపే తిరిగి "అవ్, పోతున్న" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. రాత్రి పక్క మీద తలచుకుంటే ఏడుపొచ్చేది. నాకు లోకంలో ఇష్టమైన వాళ్ళు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

ఆ ఏడు నాకు సొంత గాలపు కర్ర ఇవ్వాలని ఇద్దరికీ ఒకేసారి బుద్ధి పుట్టింది. అత్త చలికాలంలోనే చేను గట్టున ఉన్న పొదలోంచి సన్నటి వెదురు కోసి, కింద రాయి కట్టి, దూలానికి వేలాడదీసి నీడలో ఆరబెట్టింది. నేను వచ్చాక దాన్ని దింపి, ఆముదం రాసి, నిప్పుల మీద తిప్పుతూ కణుపు కణుపుకూ వంకర తీసింది. వేడికి వెదురు కమ్మటి వాసన వేసేది. నాయన కూడా ఊరుకోలేదు. కాలనీ వెనక ఎక్కడో సంపాదించిన గట్టి వెదురును గాజుముక్కతో నున్నగా గీకి, పట్టుకునే దగ్గర సైకిల్ ట్యూబు చుట్టి, బస్సు పైన వేసుకొని తెచ్చాడు. రెండు కర్రలూ పంచలో గోడకు ఆనించి ఉన్నాయి. ఇద్దరూ చెరో పక్క నిలబడి నన్ను చూస్తున్నారు.

"ముందు బలం చూడాలె" అన్నాడు నాయన. ఇత్తడి చెంబు నిండా నీళ్ళు నింపి, తన కర్ర కొసకు వేలాడదీసి ఒక్క చేత్తో లేపాడు. చుక్క తొణకలేదు. అదే చెంబును అత్త కర్రకు కట్టేసరికి కొస వంగి వంగి నేలకు తాకింది, నీళ్ళన్నీ నా కాళ్ళ మీద పడ్డాయి. నాయన మీసం కింద నవ్వు దాచుకున్నాడు. అత్త ముఖం మార్చలేదు. "పద్మా, మీ నాయనను అడుగు, వాగుల చెంబులు పడ్తయా, చేపలు పడ్తయా?"

తర్వాత వాకిట్లో మూడు కుప్పలు పోసింది. గులకరాళ్ళు ఒకటి, ఇసుక ఒకటి, ఎండుటాకులు ఒకటి. కొంగుతో నా కళ్ళకు గంత కట్టింది. "కర్ర కొస దేని మీద పోతాందో చెప్పు" అంది. నాయన కర్ర ఇచ్చినప్పుడు మూడూ ఒకేలా గరగరలాడాయి. అత్త కర్ర పట్టుకున్నాక మాత్రం మణికట్టు దగ్గర చీమ పాకినట్టయింది. "ఇది ఇసుక. ఇది రాయి. మళ్ళీ ఇసుక. ఇప్పుడు ఆకు." చెప్పిన ప్రతిసారీ అత్త చప్పట్లు కొట్టింది. గంత తీసేసరికి నాయన చుట్ట వెలిగించుకుంటూ ఎటో చూస్తున్నాడు. "పెద్దది పడ్డనాడు తెలుస్తదని చెప్పు మీ అత్తకు" అన్నాడు.

ఏ కర్ర నాదో ఆ రోజు నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. నాయన లేని రోజుల్లో సన్నదాన్ని పట్టుకొని అత్త వెంట పోయేదాన్ని. రాతిపురుగు రాయి మీద దొర్లుతుంటే టకటకమని, ఇసుకలోకి జారితే మెత్తగా, చేప నోటికి అందితే ఎవరో కొంగు పట్టి చిన్నగా లాగినట్టు. చిన్న చిన్న పరక చేపలు పడేవి, వేలంత జెల్లపిల్లలు పడేవి. అత్త వాటిని చూసి "నీ పెండ్లికి సరిపోతయి" అని ఆటపట్టించేది. ఆ పొద్దుల్లో నీళ్ళ చల్లదనానికి కాళ్ళు తిమ్మిరెక్కేదాకా ఇంటి ఊసు వచ్చేది కాదు. నాయన వచ్చిన రోజు లావు కర్ర పట్టుకొని ఆయన పక్కన గట్టు మీద కూర్చునేదాన్ని. ఆయన పక్కన కూర్చోవడం ఇష్టం. ఆ కర్ర మాత్రం చేతికి కుదిరేది కాదు.

తొలకరి పడ్డ మర్నాడు, సెలవులు అయిపోవస్తున్న రోజుల్లో నాయన వచ్చాడు. పైన ఎక్కడో వాన గట్టిగా పడ్డట్టుంది, వాగు కొంచెం పెరిగింది. ముగ్గురం కలిసే బయల్దేరాం. గుమ్మం దగ్గర నాయన ఆగి "బిడ్డా, ఏది పడుతవు?" అన్నాడు. అత్త కూడా ఆగింది. అటు నాయన, ఇటు అత్త. ఎవరి ముఖం చూసినా ఏడుపు వచ్చేట్టుంది కాబట్టి కర్రలనే చూశాను. చెయ్యి తనంతట తానే సన్నదాని మీదికి పోయింది. "నాయనా, నీది బరువైతాంది. దీంతోని రాయి తెలుస్తాంది" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి "చేతికి కుదిరిందే పట్టాలె బిడ్డా. నాకు కోపమేం లేదు" అన్నాడు. కానీ వాగు దగ్గరికి పోయాక మాకు దూరంగా, దిగువన ఎక్కడో పోయి కూర్చున్నాడు. అత్త ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు. నా పక్కనే గట్టు మీద నిలబడి అటే చూస్తూ ఉంది.

నా పురుగు రెండు రాళ్ళ మధ్యకు పోయి ఆగింది. రాయి కాదు, ఇసుక కాదు, ఆకూ కాదు. బరువుగా ఏదో మెల్లగా కదిలింది. కర్ర ఎత్తేసరికి అది ఒక్క గుంజు గుంజింది. కొస నీళ్ళలో మునిగిపోయింది. నేను అరిచిన అరుపు ఏమిటో గుర్తు లేదు. తంగుసు, అంటే మా నైలాన్ దారం, వీణ తీగలా బిగుసుకుపోయి సుయ్యిమంటోంది. నాయన తన కర్రను నీళ్ళలోనే వదిలేసి రాళ్ళ మీద గెంతుకుంటూ వచ్చాడు. వచ్చి నా నడుం పట్టుకున్నాడు. చేప ఎదురు గట్టున వాలిన మద్దిచెట్టు వేళ్ళ కింద దూరింది. తంగుసు వేరుకు చుట్టుకుంది. ఇంక లాగితే తెగుతుంది. ఎవరైనా దిగి విడదీయాలి. ఆ మలుపులో ఎక్కడ రాయో, ఎక్కడ గుంటో నాయనకు తెలియదు. అది అత్త దిగే చోటు.

"అక్కా! దిగే! వాగుల దిగే, జల్ది!" అని నాయన గొంతు చించుకున్నాడు.

అత్త నడుం మీద చేతులు పెట్టుకొని, తీరుబడిగా, ఏడాదిలో మొదటిసారి తమ్ముడి ముఖంలోకి చూసింది. "ఆడోళ్ళకు వాగుల ఏం పని రా?"

"తప్పయిందే అక్కా! నూరు సార్లు తప్పయింది! ఆనాడే చెప్పాలనుకున్న, సిగ్గయింది! పిల్ల ఏడుస్తాంది సూడు, దిగే తల్లీ!"

నేను ఏడవడం లేదు. కానీ ఆ మాట విన్నాక ఏడ్చాను. అత్త ఫక్కున నవ్వి, కుచ్చెళ్ళు దోపుకొని, కాలికి తెలిసిన రాళ్ళ మీదుగా ఛాతీ లోతుకు పోయింది. తల ముంచింది. మళ్ళీ పైకి తేలేసరికి ఆమె రెండు చేతుల్లో నా మోచేయంత జెల్ల తోక కొట్టుకుంటోంది. "పట్టుకో రా, ముల్లు గుచ్చింది, పట్టుకో!" నాయన బట్టలతోనే నీళ్ళలోకి దూకాడు. అక్క దగ్గరికి పోబోయి గుంటలో పడి మునిగాడు. అత్త ఒక చేత్తో చేపను, ఇంకో చేత్తో తమ్ముడి జుట్టును పట్టుకొని గట్టుకు తెచ్చింది.

"ఈత కూడ మరిచినవా కంపెనీల చేరి?"

"నీ సేతికి రక్తం కారుతాంది, చూపియ్యి ముందు."

"నువ్వు ఆ పిల్లను చూడు, వణుకుతాంది."

"కర్ర ఇరుగుతదనుకున్ననే అక్కా."

"నేను ఆరబెట్టిన కర్ర ఇరుగుతదారా?"

నాయన తన తువ్వాలు చింపి ఆమె అరచేతికి కట్టు కట్టాడు. కడుతూ ఏదో అంటున్నాడు, ఆమె ఏదో అంటోంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇంటికి పోయాక పొయ్యి ముందు కూర్చొని నాయనే చేప కోశాడు, అత్త చేతికి పసుపు పెట్టుకొని ఎట్లా కోయాలో చెబుతూ తప్పులు పట్టింది. మామిడి వరుగులు వేసి పెట్టిన ఆ పులుసు పక్కింటికి, ఆ పక్కింటికి కూడా పోయింది. కాలనీ సంగతులు, మా చిన్న తమ్ముడికి వచ్చిన పళ్ళు, చేను సంగతులు, చచ్చిపోయిన దూడ సంగతి, ఏడాది మాటలన్నీ ఆ పూటే అయిపోవాలన్నట్టు మాట్లాడుకున్నారు. నేను కంచం ముందు పెట్టుకొని మెల్లగా, ముల్లు ముల్లూ తీసుకుంటూ, ఎంత కావాలంటే అంత సేపు తిన్నాను.

ఆ వాగు ఇప్పుడు సన్నబడింది. మీద వంతెన వచ్చింది, ఇసుక పోయింది. అత్త లేదు, నాయన లేడు. అప్పట్లో ఒక కర్ర కావాలంటే చలికాలం కోత, ఎండాకాలం దాకా ఆరబెట్టడం, తొలకరికి వాగు. కిరణ్ కర్ర ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. ఆ నిదానం పోయిందని బాధపడదామని చూశాను గానీ, కొండల నుంచి వాడు పంపిన ఫోటో చూశాక అది కుదరలేదు. మోకాటి లోతు నీళ్ళలో, ముక్కు ఎర్రబడి, వేలెడు చేపను పట్టుకొని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. మా కాలపు చలినీళ్ళూ అంతే చల్లగా ఉండేవి. ఆ నవ్వు నాకు కొత్తేమీ కాదు.

జెల్ల పడ్డ ఆ ఏడు చలికాలంలో ఒక ఆదివారం నాయన నన్ను కూడా ఊరికి తీసుకుపోయాడు. తనకూ ఒక సన్న కర్ర కావాలని అక్కను అడగడానికి సిగ్గుపడి, నాతో అడిగించబోయాడు. నేను ఒప్పుకోలేదు. చివరికి తానే అడిగాడు. అత్త కొడవలి తీసుకొని ముందు నడిచింది, నాయన వెనక నడిచాడు. మంచు ఇంకా విడలేదు. చేను గట్టున బండ మీద నన్ను కూర్చోబెట్టి ఇద్దరూ వెదురు పొదలోకి దూరారు. కాసేపటికి మనుషులు కనపడలేదు, ఆకులు కదలడం మాత్రమే కనపడింది.

"ఇది మంచిగుందక్కా."

"అది లేతది రా, పురుగు పడ్తది."

"మరి ఇది?"

"కణుపులు సూడు, ఎట్లున్నయో. నీకు కండ్లు లేవా?"

"నువ్వే సూపియ్యరాదు?"

"ఎవరి కర్ర వాళ్ళే ఎంచుకోవాలె. ఎతుకు."

ఎండ వచ్చి మంచు విడింది. బండ వెచ్చబడింది. వాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.